గుండీల పెద్దమ్మకి ఎనభై రెండేళ్లు ఎలా వచ్చాయి

గోడలకి చెవులుంటాయంటారు. ఆ వీధిలో గోడల సంగతేమో గానీ, చెవులన్నీ గుండీల పెద్దమ్మ కొట్లో మేకులకి వేలాడేవి. అవి తాళంచెవులు.

కొట్టు చిన్నది. ఒక పక్క గుండీలు, హుక్కులు, జిప్పులు, దారపు ఉండలు. ఇంకో పక్క ఒక బల్ల మేర ఆవిడ భర్త వాచీలు బాగుచేసుకుంటూ కూర్చుంటాడు. ఆయన కంట్లో ఎప్పుడూ భూతద్దం ఉంటుంది, నోట్లో మాట ఉండదు. దంపతులిద్దరికీ కలిపి దేవుడిచ్చిన మాటలన్నీ పెద్దమ్మే పుచ్చేసుకుందని వీధిలో అనుకునేవాళ్లు.

కొట్టు సరిగ్గా మలుపులో ఉంది. పెద్దమ్మ పొద్దున్న తలుపు తీసింది మొదలు దీపాలు పెట్టేదాకా అక్కణ్ణుంచి కదలదు. అందుకని బయటికి వెళ్లే ప్రతివాళ్లూ ఇంటి తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టి వెళ్లేవాళ్లు. దాచినందుకు ఆవిడ ఏమీ పుచ్చుకోదు, వార్త తప్ప. "ఎక్కడికి? ఎవరితో? ఎప్పుడొస్తావు? వాళ్లు పిలిచారా, నువ్వే వెళ్తున్నావా?" వీటన్నిటికీ జవాబు చెప్పాకే చెవి మేకెక్కేది. చెప్పనివాళ్లది కూడా తీసుకునేది గానీ, తీసుకునేటప్పుడు ఓ నిట్టూర్పు విడిచేది. ఆ నిట్టూర్పు భరించలేక, వెళ్లినవాళ్లు మళ్లీ వెనక్కొచ్చి చెప్పి పోయేవాళ్లు.

ఏది ఎవరిదో తెలియడానికి ఒక్కో చెవికి ఒక్కో గుండీ దారంతో కట్టేది. ఎర్రసిరాతో పిల్లల్ని హడలెత్తించే టీచరమ్మకి ఎర్ర గుండీ. వడ్రంగికి చెక్క గుండీ. పళ్ల డాక్టరు దగ్గర పనిచేసే కాంపౌండరుకి అచ్చం దవడపన్ను లాంటి తెల్ల గుండీ. ఎప్పుడూ పోట్లాడుకునే కొత్త జంటకి టిచ్చు గుండీ. "టక్కున అతుక్కుంటారు, టక్కున ఊడతారు, వాళ్లకి ఇదే నప్పుతుంది" అనేది. ఎదుటి బేకరీ నడిపే రొట్టెలాయనకి మాత్రం పెద్ద కోటు గుండీ. ఆయన ముత్తాత మంచు కురిసే దేశం నుంచి ఓడెక్కి వచ్చాడు. రొట్టెలాయన ఇక్కడే పుట్టి ఇక్కడే పెరిగి ఇక్కడి మాటల్లోనే తిట్లన్నీ నేర్చుకున్నా, ఆ పాలిపోయిన రంగూ, ఆ పిల్లికళ్లూ మాత్రం ముత్తాతవే.

పెద్దమ్మకి ఒక చెల్లెలుంది. మేడ మీద వాటాలో ఉంటూ దిండు కవర్లు కుడుతుంది. అక్కాచెల్లెళ్లకి శుభ్రంగా పేర్లున్నాయి గానీ వాటిని వాడి పాడుచేయడం ఇష్టంలేనట్టు ఇంట్లో ఎవరూ పలకరు. ఒకరు పెద్దది, ఒకరు చిన్నది. వాచీలాయనైతే ఇంకా పొదుపు. "పెద్ద తిన్నదా? చిన్న ఏది?" అంతే. వీధికేమో ఒకరు పెద్దమ్మ, ఒకరు పిన్ని.

పిన్ని మంచి మనిషే గానీ వస్తువులు ఆవిడ దగ్గర నిలవవు. కళ్లజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతుక్కుంటుంది. ఫోను ఒకసారి ఫ్రిజ్‌లో దొరికింది, ఇంకోసారి అమ్మేసిన దిండు కవరులో దొరికింది. అందుకే ఎవరు నంబరు అడిగినా బావ నంబరు ఇచ్చేస్తుంది. ఈ సంగతి గుర్తుంచుకుంటే చాలు, కథలో సగం తెలిసినట్టే.

ఒకరోజు రొట్టెలాయన వార్త పట్టుకొచ్చాడు. పెద్దాసుపత్రిలో యాభై దాటినవాళ్ల తలలు ఊరికే ఫొటో తీస్తున్నారట. బొమ్మ చూసి మెదడు వయసు చెప్పే కొత్త యంత్రం వచ్చిందట.

"తలలో ఏముందో కనిపిస్తుందా?" అంది పెద్దమ్మ.

"అంతా కనిపిస్తుందట పెద్దమ్మా."

"అయితే పద. వీధిలో అందరిళ్లల్లో ఏముందో నాకు తెలుసు. నా బుర్రలో ఏముందో ఇంతవరకూ చూళ్లేదు."

మేడ మీది పిన్నిని కూడా లాక్కుని, రొట్టెలాయనతో కలిసి ముగ్గురూ వెళ్లారు. అక్కడ స్కానింగ్ అమ్మాయి ముందుగా, ఇనప ముక్క ఏదీ లోపలికి తేకూడదమ్మా, లాగేసుకుంటుంది అని చెప్పి నగలూ పిన్నులూ అన్నీ తీయించింది. పెద్దమ్మ బొడ్లోంచి సొంత ఇంటి తాళంచెవి తీసి ఇస్తూ, నీ ప్రాణం పోయినా ఇది ఎవరికీ ఇవ్వకు అంది. తర్వాత ఆ అమ్మాయి అక్కాచెల్లెళ్ల చెవుల్లో మెత్తటి స్పాంజి ముక్కలు కూరింది. అప్పుడు, సరిగ్గా అప్పుడు, డాక్టరమ్మ వచ్చి ఎదురుగా నుంచుని ఏదో చాలా వివరంగా చెప్పింది. పెదవులు కదులుతున్నాయి, చేతులు తిరుగుతున్నాయి. అక్కాచెల్లెళ్లిద్దరూ అంత చదువుకున్న మనిషిని మధ్యలో ఆపడం మర్యాద కాదని గంగిరెద్దుల్లా తలలూపారు. డాక్టరమ్మ సంతోషించి వెళ్లిపోయింది.

గొట్టంలోకి పంపాక గోల మొదలైంది. వీధిలో కొట్లన్నిటి షట్టర్లూ ఒకేసారి ఎత్తి దించుతున్నట్టు చప్పుడు. మధ్యమధ్యలో ఆ అమ్మాయి గొంతు వినపడేది. "తల కదపకండమ్మా, సరేనా?"

పెద్దమ్మ సరేనని తల ఊపేది.

"అయ్యో, ఊపకండి. అస్సలు కదపకూడదు. అర్థమైందా?"

అర్థమైందని ఇంకాస్త గట్టిగా ఊపేది.

కొన్నాళ్లకి ఫోనొచ్చింది. వాచీలాయన చిన్న పట్టకారుతో వెంట్రుక లాంటి స్ప్రింగు పట్టుకుని ఉన్నాడు. రెండో చేత్తో ఫోనెత్తాడు.

"స్కానింగ్ కోసం ఈ నంబరు ఇచ్చినావిడ గురించండీ" అంది ఆ అమ్మాయి. "కంగారేం లేదు. చిన్నమెదడు బ్రహ్మాండంగా ఉంది. పెద్దమెదడు మాత్రం కాస్త ముడుచుకున్నట్టు చూపిస్తోంది. యంత్రం లెక్కన ఎనభై రెండేళ్లు వచ్చాయి. డాక్టరుగారు మాట్లాడతారు, ఒకసారి రండి."

ఎవరి తలలోనైనా పెద్దమెదడు ఒకటి, దాని కింద చిన్నమెదడు ఒకటి ఉంటాయని బడిలో చెప్తారు. ఆ పాఠం చెప్పిన రోజు వాచీలాయన బడి ఎగ్గొట్టాడు కాబోలు. అలాగే అని ఫోను పెట్టేశాడు.

"ఎవరండీ?" అంది పెద్దమ్మ.

"ఆసుపత్రి."

"ఏమన్నారు?"

"చిన్న మెదడు బ్రహ్మాండంగా ఉందిట."

"పోనీలే పాపం. మరి నాది?"

ఆయన కంట్లో భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు. మాట మధ్యలో ఆయన అది తీయడం పెళ్లయ్యాక అదే మొదటిసారి. "పెద్ద మెదడు ముడుచుకుందిట. ఎనభై రెండేళ్లుట."

"నాకు అరవై ఒకటి కదండీ."

"మెదడుకి."

"నాకంటే ఇరవై ఒక్కేళ్ల ముందు నా మెదడెలా పుట్టింది? అప్పటికి మా అమ్మకి పెళ్లే కాలేదు."

వాచీలాయన భూతద్దం మళ్లీ కంట్లో పెట్టుకున్నాడు. కానీ ఆ మాటంతా, తాళంచెవి తీసుకోడానికి వచ్చిన రొట్టెలాయన చెవిన పడింది. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. పైగా అదే పొద్దున ఆయన ఫలితం కూడా వచ్చింది. ఆయనకి అరవై నాలుగు, యంత్రం చెప్పిందీ అరవై నాలుగే, ఒక్క ఏడాది అటూ ఇటూ లేదు. ఆ ఆనందంలో రొట్టెలు కొన్నవాళ్లకి తన సంగతి, బన్నులు కొన్నవాళ్లకి పెద్దమ్మ సంగతి చెప్పుకుంటూ పోయాడు. సాయంత్రానికి పెద్దమ్మకి ఎనభై రెండని తెలియనిది వీధికుక్కలకే.

మొదట్లో పెద్దమ్మ నవ్వుకుంది. "ఈ లెక్కన మీరు నాకంటే పదహారేళ్లు చిన్నండీ" అంది మొగుడితో. "ఇకమీదట ఏమండీ అనాలా, ఏరా అబ్బాయ్ అనాలా?"

ఆయన కాసేపు ఆలోచించాడు. "ఏమండీ చాలు."

కానీ వీధి నవ్వలేదు. వీధికి జాలేసింది. జాలి కంటే ప్రమాదం ఇంకోటి లేదు. అందరూ ఆవిడతో గట్టిగా, ముక్కలు ముక్కలుగా మాట్లాడ్డం మొదలెట్టారు. కూరలమ్మే ఆవిడ బుట్ట దించి మొహంలో మొహం పెట్టి, "పెద్దమ్మా, నేనెవరో చెప్పుకో చూద్దాం" అంది.

"నిన్న వంకాయలు తూకం తక్కువేసినదానివి."

"అబ్బే, బాగానే ఉంది" అని ఆవిడ బుట్టెత్తుకుని చక్కా పోయింది.

చెత్తబుట్ట గుమ్మం బయట పెడదామని వస్తే, కొత్త జంటలో మొగుడు పరిగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుని జాగ్రత్తగా రోడ్డు దాటించి వెళ్లిపోయాడు. ఆవిడకి అవతల పనేం లేదు. తిరిగి వద్దామని అడుగేస్తే పెళ్లాం చూసి ఇవతలికి దాటించింది. ఇది కాంపౌండరు చూసి, పాపం అవతలికి పోవాలేమో అనుకుని మళ్లీ దాటించాడు. ఆ పూటంతా పెద్దమ్మ బుట్టతో సహా రోడ్డు దాటుతూనే ఉంది, ఒక్కసారీ అవసరం లేకుండా.

ఇదంతా నవ్వి ఊరుకునేదే. తర్వాత చెవులు పోవడం మొదలైంది.

ముందు టీచరమ్మ వచ్చింది. "కొత్త తాళం వేయించాను పెద్దమ్మా. ఆ పాత చెవి ఇచ్చేస్తే పారేస్తాను." ఆవిడ గుమ్మానికి పాత తాళం అలాగే వేలాడ్డం కొట్లోంచి కనిపిస్తూనే ఉంది. పెద్దమ్మ మేకు మీంచి ఎర్ర గుండీ చెవి తీసి ఇచ్చింది. తర్వాత వడ్రంగి, మీకు శ్రమెందుకని. తర్వాత కొత్త జంట, జీవితంలో మొదటిసారి ఒకే మాట మీద. మేకులన్నీ బోసినోరులా బయటపడ్డాయి. చెవులతో పాటు వార్తలూ పోయాయి. ఎవరు ఎటు పోతున్నారో, ఎవరింటికి ఎవరొచ్చారో ఆవిడకి ఒక్క ముక్క తెలియదు. మలుపులో కూర్చుని కూడా, తలుపులన్నీ మూసిన ఇంట్లో ఉన్నట్టుంది. ఇన్నాళ్లూ వీధికి తలలో నాలుకలా బతికిన మనిషి, ఆ తలే ముడుచుకుపోయిందంటే నాలుక ఎక్కడ పెట్టుకోవాలి?

ఇంతకీ చెవులన్నీ ఎక్కడికి పోయాయయ్యా అంటే, మేడ మీదికి. బ్రహ్మాండమైన మెదడున్న పిన్ని దగ్గరికి.

పిన్నికి ఒక్కసారిగా కాళ్లు నేల మీద ఆనడం మానేశాయి. మెట్లు దిగొచ్చి అక్క భుజం మీద చెయ్యేసి, "నువ్వు కదలకక్కా. ఈ వయసులో అటూ ఇటూ తిరక్కూడదు" అనేది.

"నీకూ నాకూ మూడేళ్లే తేడా."

"అది మునుపు. ఇప్పుడు ఇరవై నాలుగు. అమ్మ పోయేనాటికి అమ్మకి డెబ్భయ్యే. నువ్వు అమ్మ కంటే పెద్దదానివైపోయావే. నీతో దెబ్బలాడాలన్నా చెయ్యి రావడంలేదు."

"చెయ్యెందుకు, ఇన్నాళ్లూ నోటితోనే కదా దెబ్బలాడావు."

"చూశావా, పాతవి బాగా గుర్తుంటాయి. ముసలివాళ్లకి అంతేనట."

పెద్దమ్మ నోరు మూసుకుంది. ఆవిడ నోరు మూయించగలిగిన మొదటి మనిషిగా పిన్ని వీధిలో పేరు తెచ్చుకుంది.

ఆ పేరు నిలవలేదు. పిన్నికి చెవులకి గుండీలెందుకో అర్థం కాలేదు. అదే వారం దిండు కవర్లకి గుండీలు తక్కువొచ్చాయి. ఇంకేం, అన్నీ కత్తిరించి కవర్లకి కుట్టేసింది. కొన్నవాళ్లు, దిండుకి దవడపన్ను ఎందుకుందని అడిగితే కొత్త ఫ్యాషను అని చెప్పింది. బోడి చెవులన్నిటినీ ఒక బిస్కెట్ల డబ్బాలో పోసింది.

ఆ సాయంత్రం పనుల్లోంచి తిరిగొచ్చిన వీధంతా మేడమెట్ల మీద వరస కట్టింది. పిన్ని డబ్బా ఊపి, "ఎవరిది వాళ్లు ఏరుకోండి" అంది. తలా ఒకటి తీసుకుని వెళ్లారు. కాసేపటికి ఎవరి గుమ్మం ముందు వాళ్లు నుంచుని, చెవి తిప్పుతూ, తలుపు తంతూ, తాళాన్ని తిడుతూ కనిపించారు. టీచరమ్మ తన గడప మీదే కూర్చుని పిల్లల పుస్తకాలు దిద్దుకుంది. చీకట్లో తన వాటా అనుకుని, అచ్చం అలాగే ఉన్న పక్క వాటాకి చెవి తిప్పిన కాంపౌండరుకి మాత్రం తాళం టక్కున వచ్చింది. హాయిగా లోపలికి వెళ్లి, కాఫీ కలుపుకుని, కుర్చీలో జారబడి సగం తాగాక, గోడ మీది ఫొటోలో ఉన్నవాళ్లెవరూ తన చుట్టాలు కారని గమనించాడు. వాళ్లు వడ్రంగి చుట్టాలు. ఆ సమయానికి వడ్రంగి కిటికీలోంచి లోపలికి దూరుతున్నాడు. ఇద్దరూ ఒకళ్లనొకళ్లు చూసి, దొంగ అని అరవబోయి, మొహమాటపడి, మిగతా సగం కాఫీ పంచుకున్నారు.

చివరికి పిన్ని డబ్బా పట్టుకుని కొట్లోకి దిగింది. వెనకాల వీధంతా ఉంది.

"అక్కా" అంది సన్నటి గొంతుతో. "ఏది ఎవరిదో చెప్పవే."

పెద్దమ్మ మొహం ఒక్కసారి వెలిగింది. డబ్బా ఒళ్లో పెట్టుకుంది. ఒక చెవి తీసి చూసింది. పక్కన పెట్టి ఇంకోటి తీసింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. అన్నీ ఒకేలా ఉన్నాయి. ఇన్నేళ్లు రోజూ తాకిన చెవులు, ఒక్కటీ తెలియడంలేదు. అప్పుడు ఆవిడకి నిజంగా భయమేసింది. అంటే యంత్రం చెప్పింది నిజమేనా?

"నాకు తెలియడంలేదే" అంది.

అందరూ చూశావా పాపం అన్నట్టు చూశారు. ఎవరి తలుపులు వాళ్లు ఎలాగో తీసుకున్నారు. డబ్బా పట్టుకుని గుమ్మం గుమ్మం తిరిగితే చివరికి ఏదో ఒకటి పట్టకపోదు. పెద్దమ్మ మాత్రం అన్నం ముందు కూర్చుని మెతుకు కదపలేదు. వాచీలాయన చాలాసేపు చూసి, తన జన్మలో పెద్ద వాక్యం చెప్పాడు.

"పొద్దుణ్ణుంచి నువ్వు నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నాకు భయంగా ఉంది. రేపు ఆసుపత్రికి వెళ్లిరా."

మర్నాడు పిన్నిని తోడిచ్చి పంపాడు. పిన్ని అక్క చెయ్యి పట్టుకుని, మెల్లిగా, మెట్టుంది, గడపుంది అని చెప్తూ, నడిపించుకుంటూ తీసుకెళ్లి కాళ్ల కట్లు కట్టే గదిలో కూర్చోబెట్టింది. అక్కణ్ణుంచి వాళ్లని తరిమేశాక స్కానింగ్ గది దొరికింది. ఆ అమ్మాయి టీవీలాంటి దాని మీద బొమ్మ పెట్టింది. అచ్చం వలిచిన అక్రోటుకాయలా ఉంది.

"ఇదిగోనమ్మా, పైన ముడతలు ముడతలుగా ఉన్నదంతా పెద్దమెదడు. కింద చిన్న ఉండలా ఉందే, అది చిన్నమెదడు."

పెద్దమ్మ బొమ్మలోకి వంగింది. "ఒక్క బుర్రలో ఇద్దరం ఎలా ఉన్నామమ్మా?"

"ఇద్దరేంటి?"

"నేనూ, నా చెల్లెలూ. పెద్దదాన్ని నేను, చిన్నది ఇది."

ఆ అమ్మాయికి అర్థం కావడానికి కాస్త పట్టింది. అర్థమయ్యాక బల్ల పట్టుకుని నవ్వింది. "ప్రతి తలలోనూ రెండూ ఉంటాయి పెద్దమ్మా. మీకూ ఉన్నాయి, పిన్నిగారికీ ఉన్నాయి, నాకూ ఉన్నాయి."

"మరి ఈ బుర్ర ఎవరిది?"

అమ్మాయి మూలన రాసి ఉన్న పేరు చదివింది. "ఇది పిన్నిగారిది. ఫోను చేసింది కూడా దీని గురించే. ఆ నంబరు ఇచ్చింది ఆవిడే కదా."

పిన్ని నెత్తిన ఉన్న కళ్లజోడు దానంతటదే జారి ముక్కు మీదికొచ్చింది. పెద్దమ్మ మెల్లిగా లేచి, చెల్లెలి చెయ్యి పట్టుకుంది.

"జాగ్రత్త తల్లీ. గడపుంది."

"అక్కా, నువ్వు మరీ..."

"మాట్లాడకు, ఆయాసం వస్తుంది. ఎనభై రెండేళ్లు దాటాక ఒంటరిగా నడవకూడదు. అమ్మా, ఎవరైనా దారివ్వండి, పెద్దావిడ వస్తోంది."

స్కానింగ్ గది నుంచి డాక్టరమ్మ గదిదాకా పొడుగాటి వరండా. ఆ వరండా అంతా పెద్దమ్మ మహారాణిలా నడిచింది. ఎదురొచ్చిన ప్రతివాళ్లకీ చెల్లెల్ని చూపించి, దీని పెద్దమెదడు ముడుచుకుందండీ పాపం అని చెప్పింది. ఇన్నాళ్ల బాకీ అంతా వడ్డీతో తీర్చుకుంటోంది. వరండా ఇంకాస్త పొడుగ్గా కట్టి ఉంటే బాగుండేది.

డాక్టరమ్మ ఇద్దరి బొమ్మలూ పక్కపక్కన పెట్టింది. "పిన్నిగారికి ఎనభై రెండు చూపించింది. పెద్దమ్మగారూ, మీకు ఎనభై నాలుగు."

పిన్ని కిసుక్కున నవ్వింది. పెద్దమ్మ మహారాణితనం కుర్చీలోనే చల్లారిపోయింది.

"అంటే నిజంగానే నా బుర్ర పోయిందా డాక్టరమ్మా?" అంది. ఈసారి గొంతులో పరిహాసం లేదు. "ఉన్నమాట చెప్పండి. తాళంచెవులు చూసి ఎవరివో చెప్పలేకపోయాను. రోజూ నా చేతిలో ఉండేవే."

"ఇదివరకు ఎలా చెప్పేవారు?"

"గుండీ చూసి."

"గుండీలు లేకుండా ఎప్పుడైనా చెప్పారా?"

పెద్దమ్మ ఆలోచించింది. "లేదు."

"మరి గుండీలు ఏమయ్యాయి?"

అక్క చెల్లెలి వైపు చూసింది. చెల్లెలు కిటికీ వైపు చూసింది.

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది. "ఈ అంకె పట్టుకుని ఎవరికి బుర్ర పోయిందో ఎవరికి ఉందో చెప్పడానికి వీల్లేదమ్మా. ఈ యంత్రం చిన్నపిల్లలాంటిది. వేలకొద్దీ తలల బొమ్మలు చూసి, ఏ వయసులో మెదడు ఎలా ఉంటుందో నేర్చుకుంది. ఆ తలలు ఎక్కువగా ఒకే రకం మనుషులవి. ఎక్కడో చలిదేశాల వాళ్లవి. మనలాంటి వాళ్లని అది సరిగ్గా చూడనేలేదు. తల ఆకారం కాస్త మారినా, బొమ్మ తీసే యంత్రం మారినా, బతికిన తీరు మారినా తడబడి, వయసు మీద పడిందేమో అనుకుంటోంది. ఎక్కడ తడబడుతోందో మాకూ ఇంకా పూర్తిగా తెలియదు. మా దగ్గరికొచ్చిన చాలామందికి ఇలాగే ఏళ్లు కలిపేసింది."

"రొట్టెలాయనకి కలపలేదే" అంది పెద్దమ్మ చటుక్కున. "ఆయనకి అరవై నాలుగంటే అరవై నాలుగే చెప్పింది. అదీ సంగతి. ఆయన ముత్తాత చలిదేశం వాడు. ఆయన బుర్ర దానికి అలవాటైన బుర్ర."

"అయ్యుండొచ్చు. ఒక్కళ్లని చూసి గట్టిగా చెప్పలేం. అందుకే రకరకాల మనుషుల్ని పిలిచి చూస్తున్నాం. పరీక్ష పెట్టింది మీకు కాదు, దానికి. ఇదంతా నేను మొదటిరోజే చెప్పానుగా? మీరిద్దరూ తల కూడా ఊపారు."

"చెవుల్లో స్పాంజి పెట్టాక చెప్పారమ్మా."

డాక్టరమ్మ స్కానింగ్ అమ్మాయి వైపు చూసింది. ఆ అమ్మాయి పైకప్పు వైపు చూసింది.

"అయినా మీ బొమ్మ మళ్లీ తీయాలి" అంది డాక్టరమ్మ. "మొదటిసారి గొట్టంలో కూడా తల ఊపేశారు. అంతా చెదిరిపోయింది. చెదిరిన బొమ్మ చూస్తే దానికి ఇంకాస్త ముసలిగా కనిపిస్తుంది."

తర్వాత మామూలుగా మతి ఎలా ఉందో తెలుసుకోడానికి ఆవిడ కొన్ని ప్రశ్నలు అడగబోయింది. రెండు అడిగింది. ఆ తర్వాత అడగడం పెద్దమ్మ వంతయింది. ఆ యంత్రానికి ఆ తలలన్నీ ఎవరు చూపించారు? వాళ్లకి మనం గుర్తు రాలేదా? అది తప్పు చెప్తే దాన్ని ఎవరు కోప్పడతారు? ఇంకొన్ని తలలు చూపిస్తే నేర్చుకుంటుందా? మీరు ఉండేది ఎక్కడ, పొద్దున్నే వచ్చేస్తే మీ ఇంటి తాళంచెవి ఎవరి దగ్గర పెడతారు? డాక్టరమ్మ అన్నిటికీ జవాబిచ్చి, చెమట తుడుచుకుని, మతి బ్రహ్మాండంగా ఉందని చెప్పింది. అదే మాట ఒక కాగితం మీద రాసిమ్మని అడిగితే, మీరు మాట్లాడితే చాలమ్మా, కాగితం అక్కర్లేదు అంది.

ఆ సాయంత్రం పెద్దమ్మ కొట్టు ముందు వీధంతా గుమిగూడింది. ఆవిడ సంగతంతా విడమరిచి చెప్పింది. యంత్రానికి మన తలలు తెలియవట, మన వీధికి వస్తే అది కూడా కాంపౌండరులాగే ఇంకొకళ్లింట్లో కాఫీ కలుపుకుంటుందట, అంది.

"అయితే పెద్దమ్మా, ఇప్పుడు నీ వయసెంత?" అన్నాడు వడ్రంగి.

"నీ పెళ్లిలో నువ్వెందుకు ఏడ్చావో గుర్తుండేంత. చెప్పమంటావా?"

వడ్రంగి వద్దన్నాడు. కానీ చెవులు మాత్రం ఎవరూ తిరిగి తేలేదు. తేవాలనే ఉంది, తెస్తే, ఇన్నాళ్లూ నిన్ను నమ్మలేదని ఒప్పుకున్నట్టే కదా. టీచరమ్మకైతే తన గుమ్మానికి ఉన్న పాత తాళం వైపు చూడాలంటేనే సిగ్గుగా ఉంది. మొహమాటంతో అందరూ చెవులు బొడ్లోనే పెట్టుకు తిరిగారు. మేకులు బోసిగానే ఉన్నాయి. పెద్దమ్మ అడగలేదు. అన్నీ అడిగే మనిషి, ఆ ఒక్కటీ మాత్రం అడగలేదు.

ఆవిడ అడిగింది వేరే. "డాక్టరమ్మకి తలలు కావాలట. రకరకాలవి, మన వీధిలో ఉన్నన్ని. పోదాం పదండి. ఆ యంత్రం పిల్లకి మన తలలు కూడా చూపిద్దాం. లేకపోతే రేపు మన మనవలకి కూడా పుట్టగానే డెబ్భై అంటుంది."

ఆ మాట అందరికీ తగిలింది. సెలవు రోజున యాభై దాటినవాళ్లంతా, తోడుకని మిగిలినవాళ్లూ, ఇళ్లకి తాళాలేసుకుని బయల్దేరారు. స్కానింగ్ గది ముందు బల్ల మీద వరసగా కూర్చున్నారు. పెద్దమ్మ ముందుండి, చెవుల్లో స్పాంజి పెట్టకముందే డాక్టరమ్మ చేత అందరికీ అన్నీ చెప్పించింది. తర్వాత ఆ అమ్మాయి తలుపు తీసి అలవాటుగా అంది.

"ఇనప ముక్క ఏదీ లోపలికి తేకూడదండీ. తాళంచెవులు బయట ఎవరికైనా ఇచ్చి రండి."

వరండాలో అందరి చేతులూ బొడ్ల మీదికి పోయాయి. తర్వాత టీచరమ్మ లేచింది. బొడ్లోంచి చెవి తీసి, పెద్దమ్మ ముందుకొచ్చి, హోంవర్కు చేయని పిల్లలా చెయ్యి చాపింది. "లోపలికి వెళ్తున్నాను పెద్దమ్మా."

"ఎవరితో?"

"ఒక్కదాన్నే."

"వాళ్లు పిలిచారా, నువ్వే వెళ్తున్నావా?"

"నువ్వే తీసుకొచ్చావు."

పెద్దమ్మ సంచిలోంచి దారం, గుండీల డబ్బా తీసింది. తెచ్చుకునే వచ్చింది మరి. ఎర్ర గుండీ ఒకటి ఏరి, చెవికి కట్టి, పంటితో దారం తెంపింది. ఆ వెనకాల వడ్రంగి నుంచున్నాడు. ఆ వెనకాల కాంపౌండరు, తాను లోపలికి వెళ్లేవాడు కాకపోయినా. కొత్త జంట ఒకే చెవి కోసం ఎవరివ్వాలని పోట్లాడుకుంటూ వచ్చారు. రొట్టెలాయన జేబులన్నీ తిరగేసి, చెవి బేకరీ తలుపుకే వదిలేసి వచ్చానన్నాడు.

"బుర్ర అరవై నాలుగే" అంది పెద్దమ్మ కోటు గుండీ పక్కన పెడుతూ. "అందులో ఏమీ లేదు, అంతే."

అందరి వంతూ అయ్యాక ఆవిడ పేరు పిలిచారు. చెదిరిన బొమ్మ మళ్లీ తీయాలి కదా. పెద్దమ్మ లేచి, చెవులతో నిండిన డబ్బా చేతిలో పట్టుకుని అటూ ఇటూ చూసింది. ఆవిడ తిన్నగా వెళ్లి ఆ డబ్బా చెల్లెలి ఒళ్లో పెట్టింది. బొడ్లోంచి తన సొంత చెవి తీసి దాని మీద పెట్టింది. దానికి ఏ గుండీ లేదు.

"గుండీలు కత్తిరించావో, నీ పెద్దమెదడు చిన్నమెదడు చేస్తాను."

పిన్ని డబ్బాని రెండు చేతులా హత్తుకుని, నెత్తి మీది కళ్లజోడు ముక్కు మీదికి దించుకుని, అక్కని తేరిపార చూసింది.

"ఎక్కడికి?" అంది. "ఎవరితో? ఎప్పుడొస్తావు?"

పెద్దమ్మ ఓ నిట్టూర్పు విడిచి, ఒక్కోదానికీ జవాబు చెప్పింది. చెప్పేటప్పుడు తల మాత్రం ఊపలేదు.